ట్రావెల్ ట్రైలర్ కప్పు మీదకి ఎక్కొచ్చా? కప్పు పాడవకుండా, మనం పడకుండా పని ఎలా చేసుకోవాలి?

ప్లేనో_పయనం:

అందరికీ నమస్తే. మేముండేది డాలస్ దగ్గర ప్లేనోలో. పోయిన నెల పాత ట్రావెల్ ట్రైలర్ (కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే చక్రాల ఇల్లు) ఒకటి కొన్నాం, 2016 మోడల్, 26 అడుగులు. పిల్లలకి సెలవులివ్వగానే కొలరాడో వెళ్దామని ప్లాన్. మొన్న రాత్రి గట్టి వాన పడింది, పొద్దున వెళ్లి చూస్తే లోపల ఏసీ పక్కన సీలింగ్ మీద అరచేయంత గోధుమరంగు మరక. కొన్నప్పుడు అది లేదు, ఫోటోలున్నాయి. అమ్మిన చోటుకి ఫోన్ చేస్తే పాత బండి, ఉన్నది ఉన్నట్టుగానే అమ్మాం అన్నారు, అంతే.

నిచ్చెన వేసుకుని అంచు దాకా ఎక్కి చూశాను. పైన తెల్లటి రబ్బరు లాంటి షీటు పరిచి ఉంది. ఏసీ చుట్టూ, బాత్రూమ్ వెంట్ చుట్టూ, ముందు అంచు వెంబడి నీళ్లు దిగకుండా వేసిన సీలెంట్ (జిగురు పూత) అక్కడక్కడా పగిలింది. బండికి వెనక కంపెనీ బిగించిన నిచ్చెన లేదు. నా బరువు 92 కిలోలు. మోకాళ్ల మీద పాకుతూ వెళ్లి పగుళ్లలో సిలికాన్ కొట్టేద్దామని నాలుగు ట్యూబులు తెచ్చుకున్నాను కానీ, ఒక కాలు పైన పెట్టి కొంచెం బరువు వేయగానే కప్పు కిందికి దిగినట్టనిపించింది, భయమేసి వెంటనే దిగిపోయాను.

నా బరువుకి ఆ కప్పు ఆగుతుందా? ఎక్కితే ఎక్కడ కాలు పెట్టాలి? షీటు చిరగకుండా ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? ఈ శనివారమే పని అవ్వాలి, మళ్లీ వానలున్నాయంటున్నారు, ఆ మరక చూసినప్పటి నుంచీ టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. మీలో ట్రైలర్లున్నవాళ్లు దయచేసి చెప్పండి.

ఫీనిక్స్_వాసి:

బ్రదర్, ముందు ఆ సిలికాన్ ట్యూబులు షాపులో వాపస్ ఇచ్చేయండి. సిలికాన్ ఒకసారి కొట్టారంటే దాని మీద ఇంకే సీలెంటూ అతుక్కోదు, రేపు మంచి సీలెంట్ వేయాలన్నా ఆ సిలికానంతా గీకి తీయాలి, గీకేటప్పుడు షీటు చిరుగుతుంది. ట్రైలర్ కప్పులకి ల్యాప్ సీలెంట్ అని వేరే దొరుకుతుంది, డైకార్ అనే కంపెనీది లాంటివి. అందులోనూ రెండు రకాలు. దానంతట అదే పరుచుకునేది పైన చదునుగా ఉన్న చోట వేయాలి. జారకుండా నిలబడేది అంచులకీ నిలువు గోడలకీ. మొదటిది తీసుకెళ్లి అంచు మీద కొడితే గోడ మీదుగా కిందకి కారుతుంది. మీ షీటు ఏ రకమో తెలుసుకుని, దానికి పనికొస్తుందని ట్యూబు మీద రాసి ఉందో లేదో చూసి కొనండి.

షీటు ఏదో తెలుసుకోవడానికి మాన్యువల్ చూడటం మంచిది, అది లేకపోతే బండి విఐఎన్ (బండి గుర్తింపు) నంబరు చెప్పి తయారీ కంపెనీకి ఫోన్ చేయండి, చెప్తారు. ఆ ఫోన్‌లోనే ఈ మోడల్ కప్పు మనిషి నడవడానికి కట్టిందేనా అని కూడా అడగండి. కంపెనీ వెనక నిచ్చెన బిగించి ఇచ్చిందంటే సాధారణంగా కప్పు మనిషి బరువు మోస్తుందని అర్థం. నిచ్చెన లేనంత మాత్రాన మోయదని కాదు, కొన్ని మోడళ్లలో నిచ్చెన విడిగా కొనుక్కోవాలి. కానీ తేలిక బండ్లు కొన్నింటికి పైన సన్నటి చెక్క, మధ్యలో ఫోమ్, అంతే ఉంటుంది, వాటి మీద మోకాలు పెట్టినా లోపలి పొరలు విడిపోతాయి. అడగకుండా మాత్రం ఎక్కకండి.

ఇంకో మాట, ఇదే ముఖ్యం. ఏసీ పక్కన మరక అంటున్నారు కదా, దానికి మీరు పైకి ఎక్కాల్సిన అవసరమే లేకపోవచ్చు. ట్రైలర్ ఏసీ కప్పులో 14 అంగుళాల చదరపు కంత మీద కూర్చుంటుంది. నీళ్లు లోపలికి రాకుండా ఆపేది చుట్టూ ఉండే సీలెంట్ కాదు, ఏసీ కింద ఉండే ఫోమ్ గ్యాస్కెట్. నాలుగు పొడుగు బోల్టులు లోపలి నుంచి ఏసీని కిందకి లాగి ఆ గ్యాస్కెట్‌ని నొక్కిపెట్టి ఉంచుతాయి. రోడ్డు మీద కుదుపులకి ఆ బోల్టులు వదులవుతాయి, గ్యాస్కెట్ కూడా ఏళ్లు గడిచేకొద్దీ అణిగిపోతుంది, అప్పుడు వాన నీళ్లు దిగుతాయి. మీ ఏసీ చుట్టూ సీలెంట్ ఉందంటే పాత ఓనరెవరో ఇదే లీక్‌కి భయపడి కొట్టి ఉంటారు. అది తప్పు పని. ఏసీ నడిచేటప్పుడు వచ్చే నీళ్లు దాని కింది నుంచి కప్పు మీదకి పోయి జారిపోవాలి, చుట్టూ మూసేస్తే ఆ నీళ్లు అక్కడే నిలిచి లోపలికి దారి వెతుక్కుంటాయి.

కాబట్టి ముందు బండి కరెంటు ప్లగ్ తీసేయండి, జనరేటర్ ఉంటే ఆపేయండి, బ్యాటరీ స్విచ్ కూడా ఆపండి. లోపల ఏసీ కింద ఉన్న ప్లాస్టిక్ మూత విప్పి టార్చి వేసి చూడండి. ఆ నాలుగు బోల్టులు కనిపిస్తాయి. కంత అంచున కప్పు చెక్క కూడా కనిపిస్తుంది, అది నల్లబడిందా, మెత్తబడిందా అని స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడండి. పైకి ఎక్కాలా వద్దా అనేది ఆ చెక్కను చూశాక తేల్చుకోవచ్చు.

రేకులిల్లు:

ఫీనిక్స్ గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను నార్త్ కరోలినాలో ఉంటాను, నాకూ ట్రైలర్ ఉంది, ఆరేళ్లుగా దాని కప్పు పని నేనే చేసుకుంటున్నాను. నడవడం గురించి అడిగారు కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

మాది గుంటూరు దగ్గర పల్లె, చిన్నప్పుడు సిమెంటు రేకుల ఇంట్లో ఉండేవాళ్లం. గాలివానకి రేకు జరిగితే సరిచేయడానికి నాన్న పైకెక్కేవాడు, నన్నూ ఎక్కించేవాడు. ఆయన చెప్పేది ఒకటే: బోల్టులున్న వరుస మీదే కాలు పెట్టరా, రెండు వరుసల మధ్యలో పెట్టావంటే రేకుతో సహా ఇంట్లో పడతావ్ అని. బోల్టు ఉన్న చోట కింద దూలమో ఇనప పైపో ఉంటుంది, బరువు దాని మీద పడుతుంది. ట్రైలర్ కప్పూ అంతే. కింద అడ్డంగా ట్రస్సులుంటాయి, అంటే కప్పుని మోసే దూలాలు, చాలా బండ్లలో 16 అంగుళాలకొకటి, కొన్నింట్లో 24 అంగుళాలకొకటి. వాటి మీద పల్చటి ప్లైవుడ్ లేదా ఓఎస్‌బీ (చెక్క పేళ్లు అతికించి చేసిన పలక), చాలా చోట్ల 3/8 అంగుళం మాత్రమే, దాని మీద మీరు చూసిన షీటు. ట్రస్సుల మధ్యలో మడమ మోపితే కప్పు కొద్దిగా దిగినట్టనిపించడం మంచి కప్పుకి కూడా మామూలే. కానీ ఒకే చోట మెత్తగా స్పాంజిలా దిగి అలాగే ఉండిపోతే మాత్రం కింద చెక్క కుళ్లిందని అర్థం, అక్కడికి వెళ్లకూడదు.

చిక్కేంటంటే రేకుల మీద బోల్టులు కనిపిస్తాయి, ఇక్కడ షీటు అన్నీ కప్పేస్తుంది. పొద్దున్నే ఎండ పక్క నుంచి ఏటవాలుగా పడేటప్పుడు అంచు దగ్గర నిలబడి చూస్తే కొన్ని బండ్ల మీద స్క్రూ తలలు చిన్న బుడిపెల్లా వరసగా కనిపిస్తాయి, అదే ట్రస్సు గీత. కనిపించకపోతే నేను ఊహించి అడుగేయను, బరువు పరచడమే మార్గం. అర అంగుళం ప్లైవుడ్ ముక్కలు రెండు కోయించుకున్నాను, ఒక్కోటి 2 అడుగుల వెడల్పు, 4 అడుగుల పొడవు. అంచులు గరుకు కాగితంతో గుండ్రంగా రుద్ది, అడుగున పాత కార్పెట్ జిగురుతో అంటించాను. స్టేపుల్స్ కొట్టొద్దు, ఒక్క పిన్ను బయటికొచ్చినా షీటుకి చిల్లే. నాలుగడుగుల వైపు బండి పొడవునా వచ్చేలా పరిస్తే రెండు మూడు ట్రస్సుల మీద కూర్చుంటుంది. ఒక ముక్క మీద మోకాళ్ల మీద ఉండి రెండోది ముందుకి జరుపుకుంటాను, జరపడమంటే ఎత్తి పెట్టడం, షీటు మీద ఈడ్చకూడదు. గాలి ఉన్న రోజు ఆ పని పెట్టుకోకండి, ప్లైవుడ్ ముక్క గాలికి తెరచాపలా లేస్తుంది, దాన్ని పట్టుకోబోయి మనిషి పడిపోతాడు.

బూట్లు వేసుకునే ముందు అడుగున చూసుకోండి, గాడుల్లో గులకరాయి ఇరుక్కుని ఉంటే అదే షీటుని కోస్తుంది. నేనైతే మెత్తటి అడుగున్న బూట్లు పైకెక్కడానికే విడిగా ఉంచుకున్నాను. జేబులో స్క్రూడ్రైవర్, కత్తి పెట్టుకోను, మోకాళ్ల మీద కూర్చున్నప్పుడు గుచ్చుకుంటాయి, అన్నీ చిన్న బక్కెట్లో వేసుకుని ఆ బక్కెట్‌ని ప్లైవుడ్ మీదే పెడతాను. వెంట్ మూతల మీద, బాత్రూమ్ స్కైలైట్ మీద చేయి కూడా ఆనించొద్దు. ఎండకి ఆ ప్లాస్టిక్ పెళుసెక్కి ఉంటుంది, మీ బండి వయసుకి పెంకులా విరుగుతుంది.

కప్పు తడిగా ఉంటే ఎక్కనే ఎక్కకండి. పొద్దున మంచు పట్టినా అంతే, ఆ తెల్ల షీటు మీద తేమ కంటికి కనిపించదు. సబ్బు నీళ్లు పడితే ఇంకా ఘోరం. కడగాలంటే నిచ్చెన మీద నుంచే పొడుగు కర్ర బ్రష్షుతో కడగండి. ట్రైలర్ వెడల్పు ఎనిమిది, ఎనిమిదిన్నర అడుగులే కాబట్టి రెండు వైపుల నుంచీ మధ్య దాకా అందుతుంది. అంట్లు తోమే సబ్బు చాలు. పెట్రోలు కలిసినవి, నారింజ నూనెతో చేసిన క్లీనర్లు ఈపీడీఎం రబ్బరుని (కొన్ని ట్రైలర్ల కప్పు మీద పరిచే షీటు రకం) ఉబ్బిస్తాయి. ప్రెషర్ వాషర్ అసలొద్దు, అది సీలెంట్‌ని లేపేస్తుంది.

ఒహాయో_అక్క:

తమ్ముడూ, నాకు ట్రైలర్ల గురించి పెద్దగా తెలియదు, మా ఆయనకి ఒకటుంది అంతే. కానీ నేను ఎమర్జెన్సీలో నర్సుని, నీ పోస్టు చూసి ఊరుకోలేకపోయాను. ఎండాకాలం వస్తే శని, ఆదివారాల్లో నిచ్చెన మీద నుంచి పడ్డవాళ్లు మా దగ్గరికి వస్తూనే ఉంటారు. పది పదకొండు అడుగులే కదా అనుకుంటారు. ఆ ఎత్తు నుంచి కాంక్రీటు మీద పడితే మడమ ఎముక, వెన్నుపూస, మణికట్టు, తల, ఏదైనా పోవచ్చు. అమెరికాలో ఇళ్లు కట్టే పనివాళ్లకే 6 అడుగులు దాటితే పడకుండా ఏర్పాటు ఉండాలని రూలు. నీకు ఆ రూలు వర్తించదు కానీ ఎముక ఇద్దరిదీ ఒకటే.

నిచ్చెన సంగతి చెప్తాను విను. కప్పు ఎత్తు పదకొండు అడుగులనుకుంటే నిచ్చెన అడుగు బండికి దాదాపు మూడు అడుగుల దూరంలో ఉండాలి, ఎత్తులో నాలుగో వంతు అని లెక్క. నిచ్చెన కొన కప్పు అంచు కన్నా మూడు అడుగులు పైకి ఉండాలి, ఎక్కేటప్పుడు దిగేటప్పుడు పట్టుకోవడానికి. చాలామంది 16 అడుగుల ఎక్స్‌టెన్షన్ నిచ్చెన కొనుక్కొచ్చి సరిపోతుందనుకుంటారు, రెండు భాగాలు ఒకదాని మీద ఒకటి ఉండే చోటు తీసేస్తే అది పూర్తిగా లాగినా 13 అడుగులే వస్తుంది. 20 అడుగులది తీసుకో. బరువు చూసుకో, నువ్వే 92 కిలోలంటే 203 పౌండ్లు, బట్టలు, సామాను కలిపితే 225 పౌండ్ల నిచ్చెన మీద ఏమీ మిగలదు. 300 పౌండ్లది ఉండాలి. పైన కరెంటు తీగలున్నాయేమో తలెత్తి చూడు, నిచ్చెన ఫైబర్‌గ్లాస్‌ది అయితే మేలు. నిచ్చెన కొసలకి పిల్లలు స్విమ్మింగ్ పూల్‌లో ఆడుకునే ఫోమ్ గొట్టం తొడిగితే బండి అంచు సొట్ట పడదని మా ఆయన అంటారు, పక్కకి జారకుండా కట్టడం మాత్రం మర్చిపోకు.

బండి కదలకుండా చక్రాలకి రెండు వైపులా అడ్డాలు పెట్టి, నాలుగు మూలల జాక్‌లు దించాకే ఎక్కాలి. ఏసీకో వెంట్‌కో తాడు కట్టుకుని నడుముకి బిగించుకుంటే సరిపోతుందని ఎవరైనా చెప్తే నమ్మకు, అవి పడే మనిషిని ఆపేంత గట్టివి కావు. నిన్ను కాపాడేది మోకాళ్ల మీద మధ్యలో ఉండటం, అంచుకి కనీసం రెండడుగుల దూరంలో లోపలి వైపే ఉండటం, వెనక్కి వెనక్కి జరగకపోవడం. సీలెంట్ కొట్టేటప్పుడు కళ్లు గీత మీదే ఉంటాయి, అంచు ఎక్కడుందో మర్చిపోతారు, అప్పుడే పడతారు. అందుకే నిచ్చెనకి దూరంగా ఉన్న మూల నుంచి మొదలుపెట్టి నిచ్చెన వైపు వస్తూ పని చెయ్యి. కింద పెద్దవాళ్లెవరైనా ఒకరు ఫోన్ పట్టుకుని నిలబడాలి, పిల్లల్ని కాపలా పెట్టొద్దు. టెక్సాస్ ఎండలో ఆ తెల్ల కప్పు మీద వెలుగు కళ్లలోకి కొడుతుంది, చలువ కళ్లద్దాలు పెట్టుకో, నీళ్లు తాగుతూ ఉండు. బీపీ మాత్రలు, రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే అసలు నువ్వు ఎక్కొద్దు, డబ్బులిచ్చి మనిషిని పిలిపించుకో.

ప్లేనో_పయనం:

అందరికీ చేతులెత్తి నమస్కారం. అక్కా, నీ మాటలు మా ఆవిడకి చదివి వినిపించాను, తను ఇప్పుడు నన్ను నిచ్చెన దగ్గరికే వెళ్లనివ్వట్లేదు.

ఫీనిక్స్ అన్నా, నువ్వు చెప్పినట్టే కరెంటు తీసేసి లోపల మూత విప్పాను. నాలుగు బోల్టుల్లో రెండు వేళ్లతో తిరిగేంత వదులుగా ఉన్నాయి. గ్యాస్కెట్ ఒక పక్క బాగా తడి. కంత అంచున చెక్క మూడు వైపులా గట్టిగా ఉంది, వెనక కుడి మూల మాత్రం నల్లబడింది, స్క్రూడ్రైవర్ మొన పావు అంగుళం దిగింది. అదే మూల వైపు నేను మొన్న కాలు పెట్టబోయాను. కంపెనీకి ఫోన్ చేస్తే నా మోడల్ కప్పు మెయింటెనెన్స్‌కి ఎక్కొచ్చు, కానీ ప్లైవుడ్ పరిచి ఎక్కమన్నారు, షీటు టీపీఓ అనే ప్లాస్టిక్ రకం అని చెప్పారు.

ఇప్పుడు బోల్టులు బిగించేసి, బాత్రూమ్ వెంట్, ముందు అంచు సీలెంట్ కోసం ప్లైవుడ్ వేసుకుని ఎక్కనా? ఆ మెత్తబడిన మూలని ఏం చేయాలి?

ఫీనిక్స్_వాసి:

మంచి పని చేశారు. ఆ గ్యాస్కెట్ పాతది, తడిసింది, ఇప్పుడు బిగిస్తే ఒకటి రెండు వానలు ఆగుతుందేమో కానీ కొత్తది వేయాల్సిందే. దానికి ఏసీని పైకెత్తాలి, అది దాదాపు 45 కిలోలుంటుంది, ఆ బరువుతో పాటు ఇంకో మనిషి మెత్తబడిన చెక్క పక్కన మోకాళ్ల మీద కూర్చోవాలి. అది మీరు చేయకండి, మొబైల్ ఆర్‌వీ టెక్నీషియన్‌ని (ఇంటికే వచ్చి ఇలాంటి బండ్లు బాగుచేసే మనిషిని) పిలవండి. ఏసీ తీసినప్పుడే ఆ మూల చెక్క ఎంత దూరం పోయిందో చూసి అంతవరకు మార్చమనండి, గ్యాస్కెట్ మార్చి చెక్క వదిలేస్తే మళ్లీ రెండేళ్లలో మొదటికొస్తుంది. అతను వచ్చేదాకా నాలుగు బోల్టుల్నీ వరసగా కొంచెం కొంచెం బిగించండి, ఒకదాన్నే మొత్తం తిప్పేస్తే ఏసీ ఒక పక్కకి ఒరుగుతుంది. గ్యాస్కెట్ సగం మందానికి అణిగాక ఆపేయండి, ఇంకా బిగిస్తే దాని పని అయిపోతుంది.

ముందు అంచుకి ఎక్కక్కర్లేదు, నిచ్చెన బండి ముందు పెట్టుకుంటే చేతికందుతుంది, జారని రకం సీలెంట్ వాడండి. ముందు ఆల్కహాల్ గుడ్డతో తుడిచి ఆరనివ్వండి, పాతది గట్టిగా అతుక్కుని ఉన్న చోట గీకొద్దు, దాని మీదే వేయొచ్చు. ఊడొచ్చే ముక్కలు ప్లాస్టిక్ పట్టీతో తీయండి, ఇనప చాకు వద్దు. బాత్రూమ్ వెంట్‌ది మధ్యలో ఉంటుంది కాబట్టి ఆ టెక్నీషియన్‌తోనే వేయించేయండి, ఎలాగూ పైకెక్కుతాడు.

ప్లేనో_పయనం:

సరే అన్నా, అలాగే చేస్తాను. సిలికాన్ ట్యూబులు వాపస్ ఇచ్చేశాను. శనివారం వానకి ముందు ఏసీ మీద టార్పాలిన్ కప్పి తాళ్లు బండి కింద నుంచి కట్టాలనుకుంటున్నాను, కింద నుంచే కర్రతో తోసి పరచొచ్చు కదా?

రేకులిల్లు:

పరచొచ్చు. టార్పాలిన్ మూలల ఇనప రింగులు షీటుకి రాసుకోకుండా పాత టవల్ ముక్కలు చుట్టండి, తాడు అంచు మీదుగా వచ్చే చోట కూడా ఫోమ్ పెట్టండి. టార్పాలిన్ గాలికి కొట్టుకుంటే ఒక్క రాత్రిలో షీటుని గీకేస్తుంది, కాబట్టి బిగుతుగా కట్టి, వాన వెలిసిన వెంటనే తీసేయండి. అది ఉన్నంతసేపూ ఏసీ మాత్రం వేయకండి.